అలలు మరిచిపోయిన మసేను సరంగు కథ

ఒకప్పుడు ఒడ్డున సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలా కదలకుండా ఉండేది. అలలు లేవని కాదు, ఉండేవి. నడిసముద్రంలో తమ పాటికి తాము దొర్లి ఆడుకునేవి. వాటికి ఒడ్డుతో పనేముంది?

ఆ రోజుల్లో మసేను అనే సరంగు ఉండేవాడు. సరంగు అంటే నావ నడిపే పెద్ద. ఈయన మరీ పెద్ద! తెరచాప ఎత్తితే మూడు ఊళ్లకు ఎండ తగిలేది కాదు. ఆరేసిన చేపలు ఎండక ఆడవాళ్లు తిట్టిపోసేవారు. ఆయన చుట్ట కాలిస్తే ఆ పొగ చూసి, వానమబ్బు పట్టిందనుకుని రైతులు నారు పోసేవారు. ఒకసారి ఆయన వలలో చేపలతోపాటు చందమామ కూడా పడ్డాడు. నెలవంక రోజులవి. "ఇంకా పిల్లకాయవి, పెరిగి రా!" అని మసేను వదిలేశాడు.

నమ్మరా? మానేయండి. ఈ కథ చెప్పింది మసేనే. ఆయన సంగతి ఆయనకన్నా మనకెక్కువ తెలుసా?

నావ అంచున కూర్చుని ఈ కోతలన్నీ ఆయన అలలకు చెప్పేవాడు. అలలు చుట్టూ చేరి "ఊఁ" కొట్టేవి. ఊఁ కొట్టేవాళ్లు లేకపోతే ఆయన నోరు విప్పడు. ఊఁ అంటేనే కథకు కాళ్లొస్తాయని ఆయన నమ్మకం.

ఒకరోజు మసేను అలలను పిలిచాడు. "అమ్మలూ, ఆకాశం నీళ్లలో ఎక్కడ దిగిందో సూసొస్తాను. ఒడ్డున మా ఇంటిది కాసులమ్మ ఎదురు సూస్తాది. దానికి నా కథంతా సెప్పండి. నేనెప్పుడు తిరిగొస్తానో కథ ఆఖర్న సెప్పేను కదా, అది మాత్రం మరిసిపోకండి."

అలలు తలలూపాయి. మసేను వెళ్లిపోయాడు.

అప్పటికప్పుడు బయలుదేరి ఉంటే ఏ గొడవా లేకపోయేది. కానీ వాటి నాన్న సముద్రుడు అడ్డుపడ్డాడు. "నలుగురిలోకి వెళ్లి కథ చెప్పాలంటే చదువుండాలి. లేకపోతే నా పరువేం కాను?" అని పీత మాస్టారిని పెట్టాడు. పీత మాస్టారి కళ్లు పుల్లల చివర ఉంటాయి. ముందు వరసా వెనక వరసా ఒకేసారి కనిపిస్తాయి. గిల్లడానికి చేతులు ఎప్పుడూ సిద్ధమే. మాస్టారికి ఇంతకన్నా ఏం కావాలి?

మొదటి రోజే ఓ చిన్న అల అలవాటు కొద్దీ "ఊఁ" అంది.

"ఎవరది మూలిగింది?" అని మాస్టారు ఒక గిల్లు గిల్లాడు. "తరగతిలో ఊఁ కొట్టకూడదు. నోరు మూసుకుని వినాలి!"

తర్వాత కథను చేపను కోసినట్టు ముక్కలు కోశాడు.

"మసేను తెడ్డు పొడవెంత?"

"డెబ్బై బారలు!"

"చందమామను ఏల వదిలెను?"

"చిన్నవాడు కనుక వదిలెను!"

అలలు గొంతు చించుకుని వల్లె వేశాయి. నవ్వొచ్చే చోట నవ్వినందుకు ఒకదానికి గోడకుర్చీ పడింది. సముద్రంలో గోడెక్కడుందని అడిగినందుకు ఇంకోదానికీ పడింది.

"మాస్టారూ, మరి కథ ఆఖరు?" అంది చిన్న అల.

"అది పరీక్షలో రాదు. వదిలేయండి."

వదిలేశాయి. అన్నిటికీ నూటికి నూరు మార్కులొచ్చాయి. సముద్రుడు మురిసిపోయి మాస్టారి మెడలో ముత్యాల దండ వేయబోయాడు. పీతకు మెడ లేదని అప్పుడు తెలిసింది.

ఈ చదువు అయ్యేసరికి కాసులమ్మ జుట్టు నెరిసిపోయింది. తడి ఇసుక మీద కూర్చుని రోజూ నీళ్లకేసి చూసేది. వరసలు కట్టి అలలు వస్తుంటే ఆమె గబుక్కున లేచి నిలబడింది.

"మామ్మా! మసేను కథ తెచ్చాం! మా అందరికీ నూటికి నూరు మార్కులు!" అని అరిచింది మొదటి అల.

"సెప్పు తల్లీ, సెప్పు! ఎప్పుడొస్తానన్నాడు?"

"తెడ్డు పొడవు డెబ్బై బారలు!"

"ఊఁ," అంది కాసులమ్మ ఆశగా.

అల గతుక్కుమంది. ఊఁ తర్వాత ఏం చెప్పాలో మాస్టారు నేర్పలేదు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. నోట్లోంచి నురగ తప్ప మాట రాలేదు. "ఉండు మామ్మా, అడిగొస్తాను!" అని వెనక్కి పరుగెత్తింది. దాని వెనక రెండోది వచ్చింది. అదీ అంతే. మూడోదీ అంతే.

"అందరికీ నూటికి నూరంట! నా మొగుడు ఎప్పుడొస్తాడో ఒక్కరికీ తెలీదేటి?" అని కాసులమ్మ గొల్లుమంది.

మెప్పు కోసం ఒడ్డుకొచ్చిన మాస్టారు ఆ మాట విన్నాడు. ఆమెకు ఎదురుపడలేక పక్కకు పక్కకు నడిచి, ఇసుకలో బొరియ తవ్వుకుని దూరిపోయాడు.

కాసులమ్మ కళ్లు తుడుచుకుంది. అలల మీద ఆమెకు కోపం రాలేదు. "పసోళ్లు, ఆళ్లేటి సేత్తారు? ఊఁ కొట్టేవోళ్లుంటే ఎప్పటికైనా గురుతొస్తాది," అనుకుంది. కానీ తను ముసలిదైపోతోంది. అందుకని ఒడ్డున దొరికిన ఖాళీ శంఖాలన్నీ ఏరి, ఒక్కొక్కదాంట్లో నోరు పెట్టి "ఊఁ" అంది. "నేనున్నా లేకపోయినా మీరు ఊఁ కొడతా ఉండండి," అని వాటిని మళ్లీ ఇసుక మీద పెట్టింది.

అప్పటినుంచే అలలు హడావుడిగా ఒడ్డుకి పరుగెత్తుకొస్తాయి, నోరు తెరుస్తాయి, నురగ కక్కుతాయి, కథ ఆఖరు గుర్తు రాక వెనక్కి పరుగెడతాయి. అవి వస్తుంటే పీతలు పక్కచూపుతో బొరియల్లో దాక్కుంటాయి. మీరు శంఖం చెవికి ఆనించుకుని చూడండి, లోపల కాసులమ్మ ఇంకా వింటూనే ఉంటుంది: "ఊఁ..."