వినకముందే తీర్పు

చింతలకోన అడవిలో పందులు, కొంగలు, నెమళ్లు, ముళ్లపందులు ఉండేవి. తగవులు తీర్చే తీర్పరిని అవే ఎన్నుకునేవి. నచ్చిన పోటీదారు ముందు తలా ఒక గింజ వేసేవి. ఎవరి ముందు కుప్ప పెద్దదైతే పదవి వారిది.

ఒక వేసవిలో ఆ పదవికి సింగారం అనే నెమలి, కొండమ్మ అనే ముళ్లపంది పోటీపడ్డాయి. కొండమ్మకు ప్రతిదీ ఆరా తీసే అలవాటు. చీమ ఎదురైనా ఎక్కడికని అడగందే కదలదు.

అడవిలో ఉన్నది ఒకటే మడుగు. దాని ఒడ్డున కొంగల భక్త సమాజం ఉండేది. మూడు పూటలా స్నానం, ఒంటికాలి మీద జపం. వాటి భక్తి నిజమైనదే. కానీ తమ మడి అడవంతా పాటించాలని వాటి పట్టు.

సమాజం పెద్ద శుద్ధయ్య కొండమ్మ దగ్గరికి వచ్చింది. "బురద కాళ్లవాళ్లు మడుగు ముట్టకూడదని తీర్పు చెబుతానని మాటివ్వు. మా గింజలన్నీ నీకే" అంది.

"ఎవరి మీద ఫిర్యాదు? వాళ్లేమంటున్నారు?" అని కొండమ్మ ఆసక్తిగా అడిగింది.

"ఫిర్యాదు ఇంకా లేదు."

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందయ్యా. తగవే రాకుండా తీర్పేం చెప్పను?"

శుద్ధయ్య ముఖం మాడ్చుకుని సింగారం దగ్గరికి వెళ్లింది. సింగారం వెనకాముందూ చూడకుండా మాటిచ్చేసింది. ఇక కొంగలు చెట్టుచెట్టూ తిరిగాయి. "కొండమ్మకు దైవభయం లేదు. సింగారాన్ని గెలిపిస్తే పుణ్యం" అని చెప్పాయి. పాపభీతి గల జంతువులు నమ్మాయి. సింగారం గెలిచింది. ఇంత చిన్న మాట కోసం కొంగలు ఇంతలా ఎందుకు తిరిగాయా అని కొండమ్మ ఆలోచనలో పడింది.

కొద్ది రోజులకే కొంగలు నూకాలు అనే అడవిపంది మీద ఫిర్యాదు తెచ్చాయి. దాని పిల్లలు మడుగులో నీళ్లు తాగాయట.

"మేం తాగే వాగు ఎండిపోయిందయ్యా. నా పిల్లల నాలుకలు పిడచకట్టుకుపోతున్నాయి" అంది నూకాలు.

సింగారం ఆ మాట పూర్తిగా విననైనా లేదు. "బురద అంటిన కాలు మడుగు ముట్టకూడదు" అని తీర్పు చెప్పింది.

పాపం, పందిపిల్లలు అల్లాడిపోయాయి. కొండమ్మ దుంపలు తవ్వి పెట్టింది గానీ, దుంపలతో దాహం తీరుతుందా?

ఎండలు ముదిరాయి. మడుగు కుంచించుకుపోయి చుట్టూ బురద తేలింది. చూసొద్దామని వెళ్లిన కొండమ్మకు కొంగలు మోకాళ్ల లోతు బురదలో కనిపించాయి. వెంటనే నూకాలును వెంటబెట్టుకుని తీర్పరి దగ్గరికి వెళ్లింది. అడవంతా పోగైంది.

"అయ్యా, మీ తీర్పు కొంగలకు కూడానా?" అని అడిగింది కొండమ్మ.

సింగారానికి ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"మాకిచ్చిన మాట మరిచావా?" అంది శుద్ధయ్య.

"ఎన్నికకు ముందే మాటిచ్చాను కదా, ఎలా మరుస్తాను" అని సింగారం కంగారులో నోరు జారింది.

నూకాలు ముందుకొచ్చింది. "అయితే నా పిల్లలకు దాహం వేయకముందే నా తగవు తీరిపోయిందా?" అంది.

గింజలు వేసిన జంతువులన్నీ సిగ్గుతో తలలు దించుకున్నాయి. ఆ రోజే సింగారాన్ని దింపి కొండమ్మను కూర్చోబెట్టాయి.

కొండమ్మ మొదట పందిపిల్లలను నీళ్లకు పంపింది. తర్వాత శుద్ధయ్యను పిలిచి, దాని వాదన చివరిదాకా వింది. "మీ జపానికి ఎవరూ అడ్డురారు. నీళ్లు మాత్రం అందరివీ" అని తీర్పు చెప్పింది. ఓడినా తమ మాట విన్నందుకు కొంగలు నెమ్మదించాయి.

మాటిచ్చి చెడ్డానని సింగారం అడవంతా తిరిగి వాపోయింది. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల?" అని నవ్వి, జంతువులు తమ దారిన తాము మడుగుకు వెళ్లాయి.

నీతి: భక్తి ఎవరిది వారికి, న్యాయం అందరికీ. వినకముందే తీర్పుకు మాటిచ్చినవాడు తీర్పరి కాలేడు.