రెండు చీరలు లేచిన రోజు

అనగనగా, గోదారి రెండు పాయలుగా చీలేచోట ఒక లంక ఉండేది చిట్టీ. లంకంటే తెలుసుగా, చుట్టూ నీళ్ళు, మధ్యలో నేల. అక్కడ గుప్పెడు ఇళ్ళు, కొబ్బరిచెట్లు, వంగతోటలు. పురుడు పోసే మంత్రసాని గవరమ్మ మాత్రం ఇవతలి ఒడ్డున ఉండేది.

లంకలో ఎవరికైనా నొప్పులు మొదలైతే వాళ్ళు పొడుగాటి వెదురుగడకి ఎర్రచీర కట్టి నిలబెట్టేవారు. బిడ్డ అడ్డం తిరిగి తల్లీబిడ్డల ప్రాణం మీదికి వస్తే రెండు చీరలు కట్టేవారు. అది చూసి గవరమ్మ పడవెక్కేది. వరదల్లో పడవ కదలకపోతే, మునక్కుండా నడుముకి ఎండిన సొరబుర్ర కట్టుకుని, గంగమ్మకి దణ్ణం పెట్టుకుని ఈదుకుంటూ వెళ్ళిపోయేది.

ఆ తర్వాత గవరమ్మ పెద్దదయింది. మోకాళ్ళు పట్టేశాయి. అప్పుడు కొడుక్కి ఏరూ కాలవా లేని మెట్టూరినుంచి నూకాలనే పిల్లని తెచ్చి పెళ్ళి చేసింది. నూకాలు చేతులు చిన్నవి, మెత్తవి. పురుళ్ళ పని చకచకా నేర్చుకుంది. కానీ నీళ్ళంటే హడలు! మోకాలి లోతు దిగితే చాలు, గుండె దడదడ.

"నీళ్ళు దాటలేని మంత్రసాని లంకకి దేనికే?" అంది గవరమ్మ.

"పడవుంది కదత్తా."

"వరదొస్తే ఆ పడవని నువ్వు నెత్తిన పెట్టుకెళ్తావా?"

అప్పట్నించి గవరమ్మ కోడల్ని గట్టిపరచడం మొదలెట్టింది. అదీ ఇంటిపనుల్లోనే. "చెయ్యి మార్చి దంపు, ఎడం రెక్కకీ బలం రావద్దూ?" అనేది రోటి దగ్గర. రేవునుంచి నిండుబిందెతో గట్టెక్కుతుంటే మధ్యలో ఆగనిచ్చేది కాదు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే పీకల్లోతు నీళ్ళలో నిలబెట్టి, తను మెట్టుమీద కూర్చునేది.

"భయమేస్తోందత్తా!"

"వెయ్యనీ. దాన్ని తరమకు. పక్కన నిలబడితే నిలబడనీ. నువ్వు గోవిందా అనుకుంటూ నెమ్మదిగా ఊపిరి వదులు."

రేవులో బట్టలుతికే మంగ పకపకా నవ్వేది. "గవరమ్మత్తా, నువ్వు కోడల్ని తెచ్చుకున్నావా, చేపని పెంచుతున్నావా?" అనేది. నూకాలుకి ఏడుపొచ్చేది. ఏడుస్తూనే ఈదేది. మొదట కాలవ దాటింది. ఆ తర్వాత చిన్నపాయ దాటింది. వరద గోదారిలో మాత్రం ఎప్పుడూ కాలు పెట్టలేదు.

అప్పుడు శ్రావణంలో వరదొచ్చింది. అబ్బ, ఏం వరద తల్లీ! ఎర్రటి నీళ్ళు సుళ్ళు తిరుగుతూ, చెట్లని వేళ్ళతో సహా పెరుక్కొచ్చేస్తున్నాయి. పడవ నడిపే పోలయ్య పడవని గట్టుమీదికి లాగేశాడు. "ఇవాళ ఇంద్రుడొచ్చి అడిగినా వెయ్యను" అన్నాడు.

సరిగ్గా అప్పుడే లంకలో గడ లేచింది. ఒక చీర. అందరూ అటు చూస్తుండగానే, దానికింద రెండో చీర.

"వీరవేణే అయ్యుంటుంది. తొలిచూలు పిల్ల" అంది గవరమ్మ. కోడలికేసి చూసింది. వెళ్ళమనలేదు. వద్దనీ అనలేదు.

నూకాలు ఇంటికి పరిగెత్తి చూరులోంచి సొరబుర్ర లాగింది. కొబ్బరితాడు కనపళ్ళేదు. తొందరలో పాత చీరపేలికతో నడుముకి కట్టేసుకుంది. తడిసిన పేలిక జారుతుందని గోదారి ఒడ్డున ఏ పసివాణ్ణి అడిగినా చెప్తాడు. మెట్టూరి పిల్లకి తట్టలేదు. పైన కొంగు బిగించేసరికి అత్త కంటికీ ఆ ముడి ఆనలేదు.

అప్పుడు గట్టుమీద ఎగువకి గబగబా నడిచింది.

"లంక ఇటుంటే అటెళ్తావేటే!" అని మంగ కేకేసింది.

"నువ్వూరుకోవే! పైన దిగితే గోదారే ఏటవాలుగా లంకకి తోస్తుంది. తిన్నగా దిగితే సముద్రంలో తేలుతుంది" అని పోలయ్య కసిరాడు.

నూకాలు నీళ్ళు కళ్ళకద్దుకుని దిగింది.

సగం దూరం వెళ్ళకముందే పేలిక జారింది. సొరబుర్ర ఊడి గిరగిరా తిరుగుతూ వెళ్ళిపోయింది. ముక్కులోకి నీళ్ళు. అటు ఒడ్డు లేదు, ఇటు ఒడ్డు లేదు. భయం పీక పట్టుకుంది. నూకాలు దాన్ని తరమలేదు. గోవిందా అని ఊపిరి వదిలింది. మళ్ళీ పీల్చింది. మళ్ళీ వదిలింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

అప్పుడు ఒక తాటిమాను దొర్లుకుంటూ తలమీదికొచ్చింది. నూకాలు బుడుంగున మునిగింది. మాను పైనుంచి పోయింది. సొరబుర్రే ఉంటే అలా మునగనిచ్చేదా చెప్పు?

ఆ తర్వాత కుడిచెయ్యి పనిచెయ్యడం మానేసింది. కర్రలా బిగుసుకుపోయింది. రోటి దగ్గర అత్తని తిట్టుకుంటూ దంపిన ఎడంచెయ్యి అప్పుడు అందుకుంది. ఒక్క చెయ్యే. వేస్తూనే ఉంది, వేస్తూనే ఉంది. చిట్టీ, నా వేలు అంత గట్టిగా పట్టుకోకే, నొప్పెడుతోంది.

చివరికి లంక తోకదగ్గర రెల్లుదుబ్బులు చేతికి తగిలాయి. వీరవేణి మొగుడు దొరబాబు నడుంలోతు నీళ్ళలో నిలబడి, జుట్టు పట్టుకుని బయటికి లాగాడు.

ఇంట్లోంచి వీరవేణి కేకలు. నూకాలు గడపదాకా పరిగెత్తింది. అక్కడ తన చేతులు చూసుకుంది. పది వేళ్ళూ గాలికి ఆకుల్లా వణికిపోతున్నాయి. ఆ చేతులతో బిడ్డని ఎలా తిప్పడం?

"కుంపటి తీసుకురండి" అని అరుగుమీద చతికిలబడింది.

వీరవేణి తల్లి సత్తెమ్మ మండిపడింది. "లోపల నా కూతురు చస్తుంటే నువ్విక్కడ చలి కాగుతావా? నిన్ను గంగ మింగా! లే!"

లేచి లోపలికి ఉరకాలనే నూకాలుకీ ఉంది. గోదారిలో కూడా పడనంత కష్టం, ఆ కుంపటిముందు కదలకుండా కూర్చోవడానికి పడింది.

"పిన్నీ, ఈ చేతుల్తో ముట్టుకుంటే ఇద్దర్నీ పోగొడతాను. తిట్టు, బాగా తిట్టు. తిడుతూ నీళ్ళు కాచు."

సత్తెమ్మ తిడుతూనే నీళ్ళు కాచింది. నూకాలు చేతులు కాచుకుంది, వేణ్ణీళ్ళలో ముంచింది, వేళ్ళకేసి చూస్తూ ఊపిరి వదిలింది. ముందు కుడిచేతికి స్పర్శ వచ్చింది. ఆ తర్వాత వణుకు తగ్గింది. చిటికెనవేలు ఇంకా అదురుతోంది. అది ఆగేదాకా లేవలేదు.

అప్పుడు లోపలికెళ్ళి తలుపేసుకుంది.

బయట సత్తెమ్మ తలుపుకి చెవి ఆనించి నిలబడింది. కేకలు ఆగిపోయాయి. ఏ చప్పుడూ లేదు. దొరబాబు గోడకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. తోటలో కొబ్బరిమట్టలు కొట్టుకుంటున్నాయి. ఇంకా చప్పుడు లేదు.

అప్పుడు వినపడింది. క్యారుమని! ఆడపిల్ల. ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. దాని వెనకే వీరవేణి గొంతు, "అమ్మా, దాహం" అని.

ఆ తర్వాత సత్తెమ్మ అందరికీ వేడన్నం వడ్డించింది. నూకాలు కంచంలో చెయ్యి పెట్టింది కానీ అది పైకి లేవలేదు. కుడిదీ లేవలేదు, ఎడందీ లేవలేదు. సిగ్గుతో తల దించుకుంది.

సత్తెమ్మ చూసింది. కంచం ముందుకి లాక్కుని, పప్పన్నంలో నెయ్యి వేసి కలిపి, ముద్ద చేసింది.

"ఆ... నోరు తెరు" అంది.

లోపల వీరవేణి ఒడిలో ఒక పిల్ల పాలు తాగుతోంది. వసారాలో సత్తెమ్మ చేతి ముద్దలు ఇంకో పిల్ల తింటోంది.

కథేమో కంచి దారి పట్టింది,
మనకేమో ఇల్లు దగ్గరయ్యింది,
గోదారి గట్టు కింద పడుకుంది,
మా చిట్టి కంట నిద్ర వాలింది.