డేగ పంపిన ప్రతికానుక

చిత్రగిరి అని ఒకానొక కొండరాజ్యం. దాన్ని రణధీరవర్మ ఏలేవాడు. మంచివాడే, కాకపోతే ఆయన ఏం చేసినా గొప్పగా ఉండాలి. తుమ్మినా పక్కన బాకా ఊదేవాడు ఉండాల్సిందే.

ఒకసారి వేటలో అడవిపంది రాజుగారి మీదికి దూకబోతే, ఆయన వేటకుక్క డేగ అడ్డుపడి కాపాడింది. రాజుగారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. నిండు కొలువులో దానికి పట్టుశాలువా కప్పి, "నేటినుంచి డేగ మాకు బంధువు. మాకు జరిగే మర్యాదలన్నీ దానికీ జరగాలి" అని ఆజ్ఞాపించాడు.

ఇక చూడండి దాని వైభోగం. మెడకి రవ్వలు పొదిగిన బంగారు పట్టెడ. ఒంటికి జరీ అంగీ, అదీ నడివేసవిలో. పూటపూటా నేతి బొబ్బట్లు, జీడిపప్పు పాయసం. రాజబంధువు కాలు నేలకి ఆనకూడదని షికారుకి కూడా పల్లకీయే. కొద్ది రోజులకే పాపం డేగ డొక్కలెగరేస్తూ మూలన పడింది. పట్టెడ ఒరుసుకుని మెడ పుండు పడింది.

రాజుకి కోపం వచ్చింది, తన మీద కాదు లెండి. కుక్కల కాపరి ఎల్లన్నను పిలిపించాడు. "మేమింత చేస్తున్నా ఇది చిక్కిపోతోందంటే తప్పు నీదే. పున్నమినాటికి లేచి తిరగకపోతే నువ్వు రాజ్యం విడిచి పోవాలి" అన్నాడు.

ఎల్లన్న ఆస్థాన విదూషకుడు నరహరి ఇంటికి పరుగెత్తాడు.

"అయ్యగారూ, దానికి ఇంత సంకటి, ఓ మాంసం ముక్క, చల్లటి నీళ్ళు, పొద్దున్నే కాసేపు పరుగు ఉంటే చాలు. ఆ మాటంటే, రాజబంధువుకి సంకటి పెడతావా అని కొరడా చూపించారు. నన్ను వెళ్ళగొడితే ఎక్కడో బతుకుతాను. అది మాత్రం చచ్చిపోతుందయ్యా" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

నరహరి వెళ్ళి డేగను చూశాడు. అది తోక ఊపబోయి, ఓపిక లేక మానుకుంది. నరహరి దాని తల నిమిరాడు. రాజుగారికి ఎదురుచెబితే లాభం లేదు, ఆయన గొప్పతోనే ఆయన్ని పట్టుకోవాలి. కాసేపు గడ్డం గోక్కుని, "ఇది తనకిష్టమైనవి ఎక్కడైనా దాచుకుంటుందా?" అని అడిగాడు. ఎల్లన్న పెరట్లో ఒక మూల చూపించాడు.

చిత్రగిరిలో ఒక ఆచారం ఉంది. రాజు చేత సత్కారం పొందినవాళ్ళు తమకు అన్నిటికన్నా ఇష్టమైన తినుబండారం తెచ్చి కొలువులో సమర్పించుకోవాలి. రాజు దాన్ని అందరి ముందూ రుచి చూడాలి. కాదంటే ఇచ్చిన సత్కారం రద్దయిపోతుంది.

మర్నాడు నరహరి వెండిపళ్ళేనికి పట్టుగుడ్డ కప్పి కొలువుకి తెచ్చాడు. వెనకే డేగ పల్లకీ వచ్చింది.

"మహాప్రభూ, తమ బంధువు ప్రతికానుక తెచ్చుకున్నారు. నోరులేనివారు కనక కాస్త ఆలస్యమైంది."

"శభాష్. తాతల నాటి ఆచారం. మేము ఏనాడూ తప్పలేదు" అని రాజు మీసం దువ్వి గుడ్డ తీశాడు.

మట్టి కొట్టుకుపోయిన పాత ఎముక. కొలువంతా ముక్కు మూసుకుంది.

"ఏమిటిది నరహరీ?"

"డేగ ప్రాణంగా దాచుకున్నది ప్రభూ. ఎప్పుడో పాతిపెట్టింది, బాగా మాగింది. ఇంకెవరైనా ముట్టుకుంటే ఊరుకునేది కాదు. తమరు ఒక్కసారి కొరికి చూడాలి."

"మతిపోయిందా నీకు? ఇది తినడానికి నేనేమన్నా కుక్కనా?"

"బొబ్బట్లు పెట్టినప్పుడల్లా డేగ కూడా అలాగే చూస్తోంది ప్రభూ, నేనేమన్నా రాజునా అని."

కొలువులో ఎవరూ నవ్వలేదు. నవ్వు రాక కాదు, ప్రాణం తీపి కనక.

"కొరకకపోతే?" అన్నాడు రాజు నెమ్మదిగా.

"తమరికి తెలియని ఆచారమా. పల్లకీ, అంగీ, పట్టెడ, పాయసం అన్నీ పోతాయి. డేగ మళ్ళీ ఉత్త కుక్కయిపోతుంది."

రాజు పల్లకీ వైపు చూశాడు. డేగ ఎముకనే చూస్తూ మెడ చాచింది. పట్టెడ జరిగి, కింద పుండు ఎర్రగా కనబడింది. ఇన్నాళ్ళూ రాజు పట్టెడను చూసి మురిశాడే గాని మెడను చూడలేదు. ఆయన మనసు చివుక్కుమంది. సింహాసనం దిగి వచ్చి తన చేత్తోనే పట్టెడ విప్పాడు, అంగీ తీశాడు.

"మేము కొరకం. సత్కారం రద్దు" అని ఎముక దాని ముందు పెట్టాడు.

డేగ ముందు ఆయన చెయ్యి నాకింది. తర్వాత ఎముక నోట కరుచుకుని పల్లకీ దిగి, నేలన జీరాడుతున్న రాజుగారి పట్టుపంచె అంచు మీద కూర్చుని కొరకడం మొదలుపెట్టింది. పంచెంతా మట్టి. రాజు పకపకా నవ్వాడు. అప్పుడు కొలువంతా నవ్వింది.

"ఎల్లన్నా, ఇకమీదట నువ్వు చెప్పిందే దాని తిండి, నువ్వు తిప్పిందే షికారు. పుండుకి వైద్యుణ్ణి పిలవండి. ఆ బొబ్బట్లు మాకు పంపండి" అన్నాడు.

పున్నమినాటికి డేగ తోటలో ఉడతల వెంట పడుతోంది. దాని వెనక ఎల్లన్న ఆయాసపడుతూ పరుగెత్తుతున్నాడు. ఆ సంతోషంలో రాజు పట్టెడ బంగారంతో కడియం చేయించి, కొలువులో నరహరి చేతికి తొడిగాడు.

నరహరి వంగి దండం పెట్టి, "రేపు మా ఇంటినుంచి ప్రతికానుక తెస్తాను ప్రభూ" అన్నాడు.

"వద్దు బాబూ" అన్నాడు రాజు గబుక్కున.

తాతల నాటి ఆచారం ఆయన తప్పింది ఆ ఒక్కసారే.