పోలమ్మ చేత చుట్ట మాన్పించిన వైనం

ఆ సముద్రం ఒడ్డు పేటలో తెలివంటే పోలమ్మ ఇంటివాళ్ళదే. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, వాళ్ళే అనుకునేవాళ్ళు. "మన తెలివి ఊరందరికీ పంచినా ఇంకా అటక మీద మిగుల్తాది" అనేవాడు కొడుకు సూరప్పడు. కోడలు గవరమ్మ నిజమేననుకుని అటక మీదికి ఓసారి చూసేది.

పోలమ్మకి అడ్డపొగ అలవాటు. అంటే చుట్టని నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగడం. అంగిలంతా పుళ్ళు పడ్డాయి. చేపల పులుసు నోట పెడితే కళ్ళమ్మట నీళ్ళే. పులుసు లేని బతుకూ ఓ బతుకేనా? పోలమ్మ ఏడ్చినంత పని చేసింది.

ఆసుపత్రి నర్సమ్మ వచ్చి చూసి హడలిపోయింది. "ఇది మానకపోతే నోరే పోతుంది మామ్మా! చుట్ట ఈవిడ కంట పడకుండా చూడండి. తాగాలనిపించినప్పుడల్లా మంచినీళ్ళివ్వండి. మానడం ఒక్కర్తి వల్ల కాదు, ఇంటిల్లిపాదీ కలిసి మానాలి. మానిన ఇంటికి ఇత్తడి బిందె ఇస్తాం" అంది.

ఇంకేముంది! సూరప్పడు తల్లి కళ్ళకి తువ్వాలు కట్టేశాడు. చుట్టల కట్ట మాత్రం గూట్లో ఎక్కడిదక్కడే ఉంది. పోలమ్మ తడుముకుంటూ వెళ్ళి అంబలి కుండలో కాలు పెట్టింది. అంతే, అంబలి నేలపాలు.

గవరమ్మ చెంబుతో ఎదురుగా కూర్చుంది.

"అత్తా, సుట్ట గుర్తొస్తన్నాదేటి?"

"నేదే."

"ఇప్పుడో?"

"నువ్వడిగేవు కదా, ఇప్పుడొచ్చింది."

అంతే, చెంబుడు నీళ్ళు. మళ్ళీ అడగడం, మళ్ళీ చెంబుడు నీళ్ళు. పొద్దుగూకేసరికి పోలమ్మ కదిలితే కడుపులో అలలు వినిపించాయి.

ఇక మూడో మాట దగ్గర సూరప్పడు తల పట్టుకున్నాడు. "ఇంటిల్లిపాదీ మానాలంది. మనం తాగితే కదేటే మానడానికి?"

"అయితే ముందు నేర్సుకుందారి" అంది గవరమ్మ.

అంతే! ఇద్దరూ చెరో చుట్టా వెలిగించి నిప్పు కొస నోట్లో పెట్టుకున్నారు. చుర్రుమంది. కెవ్వుమన్నారు, దగ్గారు, మళ్ళీ పెట్టుకున్నారు. అమ్మ నోరు నిలబడాలి మరి! నీళ్ళ చెంబు కూడా వాళ్ళకే కావలసొచ్చింది. కట్ట మీద కట్ట తెచ్చినా నేర్చుకునేవాళ్ళకే చాలక, పోలమ్మకి ఒక్కటీ మిగల్లేదు. కొన్నాళ్ళకి ఆమె పుళ్ళు ఎండాయి. తువ్వాలు విప్పించుకుని పులుసు లొట్టలేసుకుంటూ తింది.

నర్సమ్మ బిందె పట్టుకుని వచ్చింది. మామ్మ నోరు చూసి మురిసిపోయింది. అంతలో అరుగు మీద పొగలో దగ్గుతున్న ఇద్దరూ కనపడ్డారు.

"ఇదేం పనయ్యా!"

"మానడానికేనమ్మా, అందుకే తాగతన్నాం" అన్నాడు సూరప్పడు.

నర్సమ్మ నెత్తి కొట్టుకుని, "ఇంటిల్లిపాదీ మానాకే బిందె" అని వెనక్కి పట్టుకుపోయింది.

పోలమ్మ ఇద్దరి నోళ్ళూ తెరిపించి చూసింది. "నాకోసం నోళ్ళు కాల్సుకున్నారు. మిమ్మల్నొగ్గేసి నానొక్కర్తినే మానేసి కూకుంటానేటి? అందరం కలిసే మానాల!"

"నువ్వు మానేసినావు కదే అమ్మా?"

"అదే కదరా ఇబ్బంది" అని కొడుకు చేతిలో చుట్ట లాక్కుని, నిప్పు కొస నోట్లో పెట్టుకుంది.