పొగ రుచి ఉన్న ఇప్పసారా

ఇప్పలగట్టు అడవిలో ఏనుగులు, ఎలుగుబంట్లు, ముళ్లపందులు, కుందేళ్లు, ఉడతలు ఉండేవి. ఆ అడవికి పేరు తెచ్చింది వాగు ఒడ్డున ఉన్న ఇప్పతోపు. ఎండలు మొదలయ్యే రోజుల్లో, తెల్లవారుజామున ఇప్పపూలు టపటపా రాలేవి. జంతువులు వాటిని ఏరి, ఎండబెట్టి, పులియబెట్టి, కుండల్లో కాచి సారా తీసేవి. పిల్ల జంతువులకు మాత్రం చుక్క కూడా పోసేవి కావు. వాటి చేతిలో గుప్పెడు ఎండు పూలు పెట్టి, పోయి ఆడుకోమనేవి.

పూల కారు అయ్యాక ప్రతి ఏడూ పోటీ జరిగేది. ఎవరి సారా మేలైనదని తేలితే వాళ్లకే వచ్చే ఏడు తోపంతా దక్కేది. తీర్పు చెప్పే పని ముత్తవ్వ అనే ముసలి ఏనుగుది.

పోయిన ఏడు పోటీలో ఇద్దరు సమానంగా నిలవడంతో, ఆ ఏడు తోపులో ఒక సగం గుబురయ్య అనే ఎలుగుబంటి చేతిలో ఉంది. రెండో సగం సూదమ్మ అనే ముళ్లపంది చేతిలో ఉంది. పోటీకి వచ్చింది వాళ్లిద్దరే. గుబురయ్యకు పూలు ఏరి పెట్టింది కుందేళ్లు, సూదమ్మకు ఏరి పెట్టింది ఉడతలు.

గుబురయ్య ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. "అవ్వా, తీర్పు ఎందుకు, దండగ! నా సారా వాసన చూస్తేనే తెలిసిపోతుంది" అన్నాడు.

మనవాడికి తన మీద తనకు ఎంత నమ్మకమో చూడండి. కుందేళ్లు మాత్రం వెనక నక్కి చూస్తున్నాయి. గుబురయ్య గెలిస్తే తోపంతా అతనిదే. అప్పుడు పని కావాలంటే అతని గడపే తొక్కాలి. వాటి భయం అదే.

ముత్తవ్వ మొదట సూదమ్మ సారా రుచి చూసింది. "బాగుంది. తేటగా ఉంది" అంది. తరువాత గుబురయ్య సారా తాగి చాలాసేపు కళ్లు మూసుకుంది. "ఇదీ బాగుంది. ఇంకా బాగుంది అన్నా తప్పులేదు. చివర్లో కొంచెం పొగ రుచి తగులుతోంది."

"అదే నా ప్రత్యేకత!" అన్నాడు గుబురయ్య. చుట్టూ ఉన్న జంతువులు ఆహా ఓహో అన్నాయి.

"కాగేటప్పుడు పట్టిన పొగ ఇలా ఉండదు నాయనా. ఇది పూలకే పట్టిన పొగ. పదండి, చెట్ల దగ్గరికి పోదాం" అంది ముత్తవ్వ.

గుబురయ్య ముఖం మాడిపోయింది. "పోటీ సారాకు కదా అవ్వా, చెట్లకా?"

ముత్తవ్వ వినిపించుకోకుండా నడిచింది. అందరూ వెంట వెళ్లారు.

సూదమ్మ చెట్ల కింద నేల శుభ్రంగా ఉంది. ఆమె రోజూ సాయంత్రం తన ముళ్లతో ఎండుటాకులను పక్కకు లాగి, ఇప్ప మొలకల చుట్టూ పోగు చేసేది. తెల్లారేసరికి రాలిన పూలు ఆ నేల మీద ముత్యాల్లా కనబడేవి. "ఏరిన పూలలో మీ వాటా మీకు అందిందా?" అని ముత్తవ్వ ఉడతలను అడిగింది. "ఎప్పుడో అందింది అవ్వా, సగం తినేశాం కూడా!" అని ఉడతలు కిచకిచలాడాయి.

గుబురయ్య చెట్ల కింద నేలంతా నల్లగా ఉంది. ఆకులు ఊడ్చే ఓపిక లేక అతను వాటికి నిప్పు పెట్టించాడు. ఆకులతో పాటు మొలకలన్నీ కాలిపోయాయి. పూలు ఆ వేడి బూడిదలోనే రాలాయి. వాటిని ఏరిన కుందేళ్ల పాదాలు బొబ్బలెక్కాయి.

"మీ వాటా అందిందా?" అని ముత్తవ్వ అడిగింది.

కుందేళ్లు గుబురయ్య వైపు చూశాయి. పెద్ద కుందేలు ధైర్యం తెచ్చుకుంది. "పోటీ అయ్యాక ఇస్తానన్నాడు అవ్వా. పోయిన ఏడూ అలాగే అన్నాడు."

"సారా అన్నాక రుచి చూడాలి గానీ, ఇవన్నీ ఎందుకు?" అని గుబురయ్య గొణిగాడు.

ముత్తవ్వకు కోపం వచ్చింది. అయినా గొంతు పెంచలేదు. "నువ్వు పూలు ఏరుకున్న ఈ చెట్టు, మా అమ్మమ్మ చిన్నప్పుడు ఒక మొలక. ఆ రోజు దీని కింద ఎవరైనా నిప్పు పెట్టి ఉంటే, ఈ రోజు నీ కుండలో ఏముండేది?"

గుబురయ్య కాలితో బూడిదను పక్కకు తోశాడు.

ముత్తవ్వ అతని కుండ తెప్పించి, ఒక ఆకు దొప్పలో సారా పోసి పెద్ద కుందేలు చేతికి ఇచ్చింది. కుందేలు భయం భయంగా ఒక గుక్క తాగింది. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"బాగుంది అవ్వా," అంది. "ఇన్నేళ్లుగా పూలు ఏరుతున్నాం. ఇది ఇంత బాగుంటుందని మాకు తెలియదు."

ఆ మాట విని గుబురయ్య తల దించుకున్నాడు.

ముత్తవ్వ తీర్పుతో తోపు సూదమ్మకు దక్కింది. ఆమె కుందేళ్లను కూడా పనిలోకి తీసుకుంది. మరుసటి ఏడు గుబురయ్య చీపురు పట్టుకుని పని అడగడానికి వచ్చాడు. సూదమ్మ అతనికి కాలిన నేల చూపించి, ముందు అక్కడ మొలకలు నాటమంది. కొత్త సారా దిగిన రోజున మొదటి దొప్ప పూలు ఏరినవాళ్లకే పోసింది.

నీతి: వస్తువు మంచిదో కాదో రుచి సగమే చెబుతుంది, మిగతా సగం అది పుట్టిన నేలనూ, దాని కోసం కష్టపడినవాళ్లనూ అడిగి తెలుసుకోవాలి.