ఫ్యాను బెల్టూ, పట్టు ఉత్తరీయమూ

హరికథకులు ముకుందదాసు గారికి ఒక అలవాటుండేది. శిష్యులు ఏది అడిగినా నేరుగా జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడికేసి ఒకసారి చూసి, ఏదో ఒక పని పురమాయించేవారు. తాళం ఎందుకు తప్పుతోందని అడిగినవాణ్ణి నీళ్ళు తోడమనేవారు. గొంతు ఎందుకు పలకడం లేదన్నవాణ్ణి దూడను మేపుకు రమ్మనేవారు. పని చేస్తూండగా జవాబు తడితే వాడి అదృష్టం. తట్టకపోతే ఇంటికి నీళ్ళైనా వచ్చేవి.

ఆ సంవత్సరం మహర్నవమికి ముందురోజు గౌరీపతి కూడా ఒక ప్రశ్న అడిగాడు. అడిగేసరికే అతని పెట్టె సర్ది ఉంది. బొబ్బిలిలో మేనమామకు బట్టల కొట్టు ఉంది. పండగ కాగానే వచ్చి కొట్లో కూర్చోమని ఆయన కబురుపెట్టాడు. గౌరీపతి వెళ్ళడానికే నిశ్చయించుకున్నాడు. దాసుగారి కథలన్నీ అతనికి కంఠతా వచ్చు. గురువు వెనక నిలబడి వంత పాడితే వినేవాళ్ళు తల తిప్పి చూసేవారు. కాని ముందుకు వచ్చి, కాళ్ళకు గజ్జె కట్టి, ఒక్క కథైనా తానుగా చెప్పి ఎరగడు. ఈ పద్యం ఇంకా పట్టుబడలేదనీ, ఆ రాగం ఇంకా నిలబడలేదనీ ప్రతిసారీ ఏదో ఒక వంక చూపించేవాడు. అవి వంకలని అతనికి తెలియదు, పాపం; నిజమనే నమ్మేవాడు. అందుకే ఆ రోజు గురువు కాళ్ళ దగ్గర కూర్చుని అడిగాడు.

"గురువుగారూ, గజ్జె కట్టే అర్హత నాకు ఎప్పటికైనా వస్తుందా?"

దాసుగారు అతనికేసి చూశారు. రేపు ఆయుధపూజ గదా, జీపు కడిగి పనిముట్లు పూజకు సిద్ధం చెయ్యమన్నారు. దశమినాడు కొండమీద జిల్లేడువలసలో కథ ఉంది, దానికి వంత పాడి ఆ తరవాత మామయ్య దగ్గరకు వెళ్దువుగాని అన్నారు. అంతే. తన పదేళ్ళ శుశ్రూషకు ఇదా జవాబు అని గౌరీపతి ఆ రాత్రి చాటుగా కళ్ళు తుడుచుకున్నాడు. తెల్లవారి లేచి, చెప్పిన పని మాత్రం కళ్ళకద్దుకుని చేశాడు. అతను ఏ పని చేసినా అలాగే చేస్తాడు. చిక్కల్లా అక్కడే ఉంది.

ఇక్కడ ఉత్తరీయం సంగతి చెప్పాలి. దాసుగారి పరంపరలో గురువు చేతిమీదుగా వచ్చిన ఉత్తరీయాన్ని నడుముకు బిగించకుండా ఎవరూ గజ్జె కట్టరు. ఊరంతా ఎదురుచూస్తున్నా సరే, వేరొకరి గుడ్డ కట్టుకుని కథ చెప్పరు. దాసుగారికి వాళ్ళ గురువు ఇచ్చినది ముతక నూలుగుడ్డ. ఎన్ని కథలకు తడిసిందో, ఎన్ని రేవుల్లో బండకేసి బాదించుకుందో, అంచు పోయి, అక్కడక్కడ రఫ్ఫు పడి, రంగేమిటో చెప్పడానికి వీల్లేకుండా ఉండేది. గౌరీపతికి ఆయన ఇచ్చినది మాత్రం పట్టు. ఒక జమీందారు ఇంట్లో సన్మానానికి కప్పినది, తాను ఒక్కసారైనా వాడకుండా శిష్యుడి చేతిలో పెట్టారు. గౌరీపతి దాన్ని నాలుగు మడతలు పెట్టి, దేవుడి మందసంలో ఉంచి, రోజూ అక్షతలు వేసి దణ్ణం పెట్టుకునేవాడు. అర్హత వచ్చిననాడు కట్టుకుందామనుకున్నాడు. కొట్టుకు వెళ్ళిపోయేవాడు దాన్ని ఇంకా దాచుకునే ఉన్నాడు. దశమినాడు జీపెక్కేటప్పుడు కూడా అది అతని సంచిలోనే ఉంది.

జీపు దాసుగారే నడుపుతారు. పంచె పైకి బిగించి, స్టీరింగు చిడతల్లా తట్టుకుంటూ, గుంట వచ్చినప్పుడల్లా రాగం మారుస్తూ నడుపుతారు. వెనక సీట్లో మృదంగం సింహాద్రి తన వాద్యాన్ని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పాచిపెంట దాటాక రోడ్డు అయిపోయింది. కర్రల లారీలు తిరిగిన గాడి కొంత దూరం, అది కూడా పోయాక ఎండిన గెడ్డలో రాళ్ళమీద ప్రయాణం. పోయినేడు ఇదే గెడ్డ పొంగి దాసుగారు కథకు రాలేకపోయారు. ఈసారి తప్పకుండా వస్తానని ఊరివాళ్ళకు మాటిచ్చి ఉన్నారు.

సగం ఎక్కారో లేదో, బానెట్టు కింద టప్పుమని చప్పుడైంది. కాస్త దూరం పోయేసరికి రేడియేటరు నుంచి ఆవిరి బుసకొట్టింది. దాసుగారు ఇంజను ఆపి, బానెట్టు ఎత్తి చూశారు. ఫ్యాను బెల్టు తెగి కింద పడివుంది. అది లేకపోతే ఫ్యాను తిరగదు, నీళ్ళు ఆడవు, ఇంజను కాలిపోతుంది. పెద్ద గండమేమీ కాదు, సామాన్ల పెట్టెలో కొత్త బెల్టుంది తియ్యమన్నారు.

గౌరీపతి పెట్టె తెరిచాడు. లోపల కాసిని బంతిరేకులు, నాలుగు అక్షతలు ఉన్నాయి.

నిన్న అతను ప్రతి స్పానరూ కిరసనాయిలుతో తుడిచి, ఎర్రగుడ్డ పరిచి, వరసగా పేర్చి, గంధం పూసి, దేవి ముందు ఉంచాడు. పూజలో పెట్టిన పనిముట్టును ఉద్వాసన చెప్పకుండా కదపకూడదు గదా. పొద్దున్నే బయలుదేరే తొందరలో ఆ ఉద్వాసన ఎవరూ చెప్పలేదు. పనిముట్లన్నీ ఇంట్లో దేవి ముందు హాయిగా ఉన్నాయి. గౌరీపతి ఖాళీ పెట్టెను గురువుకేసి తిప్పాడు.

"బెల్టు కూడా పూజలో పెట్టావా?" అన్నారు దాసుగారు.

పెట్టానన్నాడు గౌరీపతి.

"బొట్టు పెట్టావా?"

పెట్టానన్నాడు.

"శ్రద్ధగా చేశావు," అన్నారు దాసుగారు. అందులో వెటకారం లేదు. ఉంటే బాగుండునని గౌరీపతికి అనిపించింది. తిడితే సగం బరువు దిగేది. సింహాద్రి మాత్రం ఊరుకోలేదు. "బాబూ, మా ఇంట్ల కత్తిపీటకీ బొట్టెడతాం గానండి, కూర మానుకోం గదండి," అని గొణుక్కుంటూ మృదంగాన్ని నీడలో పెట్టాడు.

ఇంజను చల్లారేదాకా రాళ్ళమీద కూర్చున్నారు. బెల్టు బదులు ఏదైనా గట్టి గుడ్డ పేనుకుని కట్టవచ్చునని దాసుగారు చెప్పారు. స్పానరు లేదు కనుక, బ్యాటరీని నింపే డైనమో జోలికి పోకుండా, కింది చక్రానికీ ఫ్యాను చక్రానికీ మాత్రం బిగించాలి. బ్యాటరీ ఎక్కదు, దీపాలను నమ్ముకోలేం, వెలుగుండగానే ఊరు చేరాలి. ఇంత చెప్పి ఆయన తన ఉత్తరీయం మీద చెయ్యి వేశారు.

గౌరీపతి చటుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాడు. గురువు చెయ్యి అలా పట్టుకోవడం అతని జన్మలో అదే మొదలు. ఇది ఇంజనుకు కడితే సాయంత్రం మీరు గజ్జె ఎలా కడతారు, ఊరంతా మీకోసం కూర్చుని ఉంటారు అన్నాడు. సంచిలోంచి పట్టు ఉత్తరీయం తీశాడు. దాన్ని కళ్ళకద్దుకుని, ఒక్కసారి గుండెకు హత్తుకుని, రెండు చేతులతో చాచాడు.

"ఇది తీసుకోండి. నేనెలాగూ కట్టేది లేదు."

ఆ మాట అన్నాక అతనికి దుఃఖం ఆగలేదు. తన దగ్గరున్న ఒకే ఒక్క గొప్ప వస్తువును ఇచ్చేస్తున్నాననుకున్నాడు, నిజంగానే ఇచ్చేశాడు. దాసుగారు అతని ముఖంలోకి ఒకసారి చూసి, వద్దనకుండా అందుకున్నారు. ఒక కొస సింహాద్రికిచ్చి, రెండో కొస తాను పట్టి, పేనడం మొదలుపెట్టారు.

రెండు మెలికలు కూడా పడలేదు. పట్టు చర్రున చినిగింది. గుడ్డ నడిమధ్యన, ఎక్కడ మడత ఉందో సరిగ్గా అక్కడ. కాస్త వదులుగా పట్టి మళ్ళీ తిప్పారు. రెండో మడత దగ్గర చినిగింది. మడత లేని చోట ఒక్క పోగైనా కదలలేదు. మడత ఉన్నచోట మాత్రం అప్పడంలా విరిగింది. చివరికి పొడుగుపాటి పీలిక ఒకటీ, చిన్న తునకలు కొన్నీ మిగిలాయి. గౌరీపతి ఆ తునకల్ని ఏరుకుంటూ రాళ్ళమీద కూలబడ్డాడు. ఒకనాడైనా ఎండ తగలనివ్వలేదే, ఒక్క మరకైనా పడనివ్వలేదే అని వలవలా ఏడ్చాడు. దాసుగారు ఓదార్చలేదు. పొడుగు పీలికను మాత్రం దులిపి తన భుజాన వేసుకున్నారు.

తరవాత తన నూలు ఉత్తరీయం విప్పారు. గెడ్డ పక్క గుంటలో తడిపి, పిండి, సింహాద్రీ తానూ చెరో కొసా పట్టి తాడులా పేనారు. అది కిక్కురుమనలేదు. చక్రాల చుట్టూ బిగించి, ముడి వేసి, ముడిమీద మళ్ళీ నీళ్ళు చల్లారు. రేడియేటరు నింపి ఇంజను తిప్పితే ఫ్యాను తిరిగింది. బెల్టు తిరిగినంత జోరుగా కాదు. ముడి వచ్చినప్పుడల్లా గతుక్కుమంటూ, వెక్కిళ్ళు పెట్టుకుంటూ తిరిగింది. అయినా తిరిగింది. ఆగి నీళ్ళు పోస్తూ, మళ్ళీ కదులుతూ కొండెక్కారు.

దీపాలు పెట్టేవేళకు జిల్లేడువలస చేరారు. పందిరి కింద ఊరు ఊరంతా కూర్చుని ఉంది. పోయినేడు కథ పోయిందని బెంగపెట్టుకున్న ముసలమ్మలు అందరికంటే ముందు వరసలో ఉన్నారు. ఊరిపెద్ద సోములు దణ్ణం పెట్టి, మీరు రారేమోననుకున్నాం బాబూ అన్నాడు. గౌరీపతి జీపు దగ్గరకు పరుగెత్తి బానెట్టు ఎత్తాడు. గురువుగారి ఉత్తరీయం నల్లగా, నూనె ఓడుతూ, చక్రాలకు కరుచుకుని ఉంది. విప్పి ఉతుకుతానన్నాడు.

"విప్పితే రేపు కొండ దిగేదెలా?" అన్నారు దాసుగారు.

మరి కథో అన్నాడు గౌరీపతి. అప్పుడు దాసుగారు భుజంమీది పట్టుపీలిక తీసి అతని ముందు చాచారు. తాను కట్టుకోవడానికి వీల్లేదు. ఇచ్చిన ఉత్తరీయాన్ని ఇచ్చినవాడు తిరిగి కట్టడం వాళ్ళ పరంపరలోనే లేదు. అది ఈ లోకంలో ఒక్కడికే చెల్లుతుంది. ఆ ఒక్కడు దాన్ని చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"చినిగిపోయింది, గురువుగారూ."

"నడుముకు సరిపోతుంది," అన్నారు దాసుగారు. తానే వంగి, శిష్యుడి నడుముకు బిగించి కట్టారు. తన గజ్జెలు సంచిలోంచి తీసి అతని చేతిలో పెట్టి, చిడతలు కూడా ఇచ్చి, వెళ్ళి మృదంగం పక్కన వంతగాడు నిలబడే చోట నిలబడ్డారు.

గౌరీపతి ఆనాడు కథ గొప్పగా చెప్పాడని ఎవరైనా అంటే నమ్మకండి. మొదటి పద్యం ఎత్తుగడలోనే గొంతు జీరపోయింది. ఒకచోట చరణం మరిచిపోయి, వెనకదే మళ్ళీ అందుకున్నాడు. సింహాద్రి తాళం సాగదీసి కాపాడాడు. ఇంకోచోట మాట అందక నోరు తెరుచుకుని నిలబడిపోతే, వెనకనుంచి దాసుగారు వంత పాడుతూ ఆ మాటను మెల్లగా అందించారు. అలా వెక్కిళ్ళు పెట్టుకుంటూనే కథ సాగింది. సగానికి వచ్చేసరికి గౌరీపతి తన తప్పులు లెక్కపెట్టుకోవడం మరిచిపోయాడు. ముందు వరసలో ఒక ముసలమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకోవడం చూశాడు, ఆమె కోసం ఆ పద్యం మళ్ళీ పాడాడు. పందిట్లోంచి ఒక్కరు లేవలేదు. మంగళం పాడేసరికి అతని నడుముకున్న పట్టు చెమటకు తడిసి ముద్దయిపోయింది. వెనక గురువు గొంతు శిష్యుడి గొంతుకంటే ఎక్కువగా వణికిందని సింహాద్రి తరవాత చాలామందికి చెప్పాడు.

మర్నాడు పొద్దున్న దాసుగారు బానెట్టు ఎత్తి, ముడి సరిగ్గా ఉందో లేదో వంగి చూస్తున్నారు. గౌరీపతి స్నానం చేసి వచ్చాడు. బొబ్బిలి మాట ఎత్తలేదు. అలవాటు చొప్పున పట్టుపీలికను రాతిమీద పరిచి, అంచుకు అంచు కలిపి, సంచిలో పెట్టుకోవడానికి సర్దుతున్నాడు. ఏదో అడగబోయి, గురువుగారూ అని పిలిచాడు.

దాసుగారు తల తిప్పి, అతనికేసీ అతని చేతిలోని గుడ్డకేసీ ఒకసారి చూశారు.

"ఉతికి ఆరెయ్యి, నాయనా. మడత మాత్రం పెట్టకు."