గాజు కొలనులో తొలి కాపురం

అనగనగా, కొండల వెనక కొండలున్న చోట, సముద్రమన్న మాట విన్నవారే కానీ చూసినవారు లేని రాజ్యం ఒకటి ఉండేది. ముందుకు జరగండి పిల్లలూ, వెనకున్నవారికీ వినబడాలి. ఆ రాజ్యం పేరు గంధగిరి. రాజు వీరకేసరి.

ఆయన రేవు పట్నపు రాజకుమార్తె వారుణీదేవిని పెళ్ళాడి తెచ్చుకున్నాడు. చల్లని తల్లి. కానీ సాయంత్రమైతే చాలు, మేడెక్కి కొండలకేసి చూస్తూ కూర్చునేది. "అలల చప్పుడు లేకపోతే నాకు ముద్ద దిగదు" అనేది.

రాజు మనసు కరిగింది. కొలువుకూటం పక్కనే గాజు గోడల కొలను కట్టించాడు. తోలుతిత్తుల్లో, బండ్ల మీద, సముద్రపు నీరు తెప్పించి నింపించాడు. నీరైతే నిండింది. లోపల చూస్తే ఒక్క ప్రాణి లేదు.

రాజుగారి తోట చూసుకునే గౌరయ్యకు పిలుపు వచ్చింది.

"గౌరయ్యా, ఈ కొలనులో ఎవరూ కనీ వినీ ఎరుగని ప్రాణులు ఉండాలి. కార్తీక పున్నమికి మా మామగారు వస్తున్నారు. ఆనాటికి కొలను బోసిగా ఉన్నా, ఒక్క ప్రాణి చచ్చి తేలినా, నువ్వు పొలిమేర దాటవలసిందే."

గౌరయ్య తోటకేసి చూశాడు. అది తాతల నాటి తోట. తన చేత్తో నాటిన సంపెంగ ఇంకా తొలి మొగ్గైనా తొడగలేదు. దాన్ని విడిచి ఎక్కడికి పోతాడు?

"ఏమండీ, తినండి. కలిపీ కలిపీ ఆ అన్నం పిండి అయిపోయింది" అంది ఆ రాత్రి భార్య నాంచారమ్మ.

"సముద్రపు ప్రాణుల గురించి నాకేం తెలుసే?"

"తెలియనప్పుడు అడగాలి."

"ఎవర్ని?"

నాంచారమ్మ లేచి దారికి చద్దిమూట కట్టి ఇచ్చింది.

గౌరయ్య సముద్రానికి వెళ్ళాడు. ఇంద్రధనుస్సును ముక్కలు చేసి రెక్కలు తొడిగినట్టున్న చేపల్ని కడవల్లో తెచ్చాడు. అంతఃపురమంతా ఆహా అంది. దైవభక్తుడు కదా, కొత్త ఇంటికి గృహప్రవేశం చేయందే మనసొప్పలేదు. ఆవును, దూడను కొలను చుట్టూ తిప్పాడు. పాలు పొంగించాడు. పొంగిన పాలను కళ్ళకద్దుకుని, "గంగమ్మ తల్లీ, నీ పిల్లలకు" అంటూ కొలనులో పోశాడు.

అయ్యో, చేపలు పాలు తాగుతాయా? నీరు పులిసింది, చేపలు తేలాయి.

"ఇది మొదటి తప్పు" అన్నాడు రాజు.

నీళ్ళు మార్చారు. గౌరయ్య ఈసారి అందం వద్దు, గట్టి ప్రాణం కావాలి అనుకున్నాడు. ఎనిమిది చేతులతో, ఘడియకో రంగు మార్చే జంతువును తెచ్చాడు. దానికి తోడు ఒళ్ళంతా ముళ్ళున్న ఎర్రచారల చేపల్ని తెచ్చాడు. సముద్రం నుంచి తెచ్చిన రాళ్ళకు పాచి కనబడితే రాజు కోప్పడతాడని, దేవుడి గదిలో ఇత్తడి చెంబుల్ని తోమినట్టు, చింతపండు పెట్టి తళతళా తోమాడు.

ఎనిమిది చేతుల జంతువు నీళ్ళల్లోని చేపల్ని వరసగా ఫలహారం చేసింది. ఆ తరువాత తానే రంగు మార్చడం మానేసి, తెల్లగా పాలిపోయి, మూలకు చేరింది. దాని కళ్ళు చూసి గౌరయ్య తట్టుకోలేకపోయాడు. అది ప్రాణం విడవకముందే కుండలో పెట్టుకుని, బండి తోలుకుంటూ సముద్రానికి పరుగెత్తాడు.

"ఇది రెండో తప్పు. మూడోది ఉండదు" అన్న రాజు మాట దారి పొడవునా చెవుల్లో మోగింది.

దాన్ని అలల్లో వదిలి, ఇసుకలో కూలబడి, "అమ్మా గంగమ్మా!" అని వలవలా ఏడ్చాడు.

"కాస్త అవతలకు జరిగి ఏడువు నాయనా. ఇక్కడి నీళ్ళు అసలే ఉప్పన" అని వినిపించింది.

చూస్తే, ఎవరో వదిలేసిన గవ్వలో కాపురముంటున్న చిన్న పీత! గౌరయ్య దానికే రెండు చేతులూ జోడించి గోడు వెళ్ళబోసుకున్నాడు.

పీత మీసాలు సవరించుకుంది. "మీ ఇంట్లో పెళ్ళయితే ముందెవరొస్తారు?"

"పెళ్ళికొడుకు."

"అంతకు ముందు?"

"చుట్టాలు."

"ఇంకా ముందు?"

గౌరయ్య ఆలోచించాడు. "వాకిలి ఊడ్చి, అలికి, ముగ్గు పెట్టేవాళ్ళు."

"మరి నువ్వు చీపురు లేని ఇంటికి పెళ్ళికొడుకును పంపావు. ఉన్న నాలుగు మెతుకులూ చింతపండుతో తోమేశావు! ఆ పాచే మా అన్నం, ఆ రాళ్ళే మా ఊరు. నన్ను తీసుకుపో, నత్తల్ని తీసుకుపో, కడగని రాళ్ళు తీసుకుపో. తరువాత చేతులు కట్టుకుని కూర్చో."

గౌరయ్య అలాగే చేశాడు. కానీ చేతులు కట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో! గాజు గోడలకు గోధుమరంగు జిగురు పట్టింది. నత్తలు కదిలినట్టే లేవు. పున్నమి దగ్గరపడుతోంది. గౌరయ్యకు కంటి మీద కునుకు లేదు.

ఆ సమయంలో కంసాలి మాచన చెవిలో గుసగుసలాడాడు. "బావా, పెళ్ళిళ్ళకు నేను చేసే వెండి చేపలున్నాయి చూడు, ఒళ్ళు విరుచుకుంటూ కదిలేవి. పది నీళ్ళల్లో వేలాడదీద్దాం. దీపాల వెలుగులో ఏ రాజు కనిపెడతాడు? పైగా అవి చచ్చి తేలవు!"

గౌరయ్యకు ఒక్క క్షణం ఊపిరాడింది. చెయ్యి చాచాడు కూడా. అప్పుడు నీళ్ళల్లో నుంచి పీత తనకేసి చూస్తున్నట్టనిపించింది. చెయ్యి వెనక్కు తీసుకున్నాడు.

"వద్దు మాచనా. ప్రాణమున్న వాటి నడుమ బొమ్మను పెట్టి దేవుడికేం చెప్పను?"

"సరే, పొలిమేర దాటేటప్పుడు కబురు పెట్టు, సాగనంపుతాను" అని మాచన నవ్వి వెళ్ళిపోయాడు.

పున్నమి వచ్చింది. మామగారు వచ్చారు. కొలను చుట్టూ దీపాలు వెలిగాయి. రాజు వంగి చూసి మండిపడ్డాడు.

"నత్తలా! నా మామగారికి నత్తలు చూపిస్తావా?"

గౌరయ్య ఏమీ దాచలేదు. "మహాప్రభూ, పాలు పోసి చంపింది నేనే. తోమి తోమి పస్తు పెట్టిందీ నేనే. ఇప్పుడు లోపలున్నవి అందమైనవి కావు, బతికున్నవి. పొలిమేర దాటమంటే దాటుతాను. ఈ నీళ్ళు మాత్రం పారబోయించకండి, వీటికి ఇల్లు ఇప్పుడే కుదురుతోంది."

మామగారైన ముసలి రాజు గాజు దగ్గరకు నడిచాడు. ఒక నత్త పాకిన దారిలో జిగురు పోయి, అద్దంలా వెలుగుతోంది. ఆ సందులోంచి చూశాడు. కడగని రాయి మీద, ఎవరూ తేని, ఎవరూ పెంచని సముద్రపు పువ్వొకటి మెల్లగా రేకులు విప్పి ఊపిరి పీలుస్తోంది. అది పువ్వు కాదు, పువ్వులాంటి ప్రాణి!

వారుణీదేవి నీటి మీదికి వంగింది. ఆమె కళ్ళు నిండాయి. "నాన్నగారూ, మన రేవు వాసన!"

"అల్లుడూ" అన్నాడు ముసలి రాజు, "ఎందరో రాజుల కొలనులు చూశాను. వాటిలో చేపలున్నాయి. సముద్రం ఇక్కడే ఉంది."

ఆ పూట రాణి కడుపారా భోజనం చేసింది. రాజు తన భుజాన ఉన్న శాలువా తీసి గౌరయ్యకు కప్పాడు. మరుసటి ఏడాది రంగురంగుల చేపలు వచ్చాయి, హాయిగా బతికాయి. పీత మరింత పెద్ద గవ్వలోకి మారింది. గౌరయ్య దానికీ గృహప్రవేశం చేశాడు. అయితే ఈసారి పాలు కొలనులో పోయలేదు, పాయసం వండి పిల్లలకు పంచాడు! ఆ వేళకే సంపెంగ తొలి పువ్వు పూసింది.

పువ్వు రాణిగారి సిగలోకి, పాయసం మీ దోసిట్లోకి. మాట మాత్రం మనసులో పెట్టుకోండి:

ఇల్లు నిలిచేది గుమ్మంలో మెరిసేవారి వల్ల కాదు, మూలమూలలా పనిచేసేవారి వల్ల. వారిని ముందు నిలిపి, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడికి దేవుడే తోడు.